చలికాలంలో టర్బో కారు ఎందుకు నీరసిస్తుంది? – అల్ ఐన్ నుంచి ఒక పరిశీలన

ఎడారిలో చలేమిటని మన ఊళ్ళో ఇప్పటికీ నవ్వుతారు. గల్ఫ్ అనగానే వాళ్ళకు గుర్తొచ్చేది యాభై డిగ్రీల ఎండ ఒక్కటే. 2021 జనవరిలో అల్ ఐన్ పరిధిలోని రక్నా అనే చోట ఉష్ణోగ్రత సున్నాకి రెండు డిగ్రీలు కిందికి పోయింది. లంబసింగిలో సున్నా దరిదాపులకొస్తేనే మన టీవీల వాళ్ళు రెండు రోజులు అదే చూపిస్తారు! అంత చలి ఏటా ఉండదు గానీ, డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా తెల్లవారుజామున పది పన్నెండు డిగ్రీలంటే ఇక్కడ పెద్ద వింతేమీ కాదు. సముద్రానికి దూరంగా ఇసుక మధ్య ఉన్న ఊరు కాబట్టి, పగలు ఎంత త్వరగా కాలుతుందో రాత్రి అంత త్వరగా చల్లారుతుంది.

ఈ చలికీ కార్లకూ ఇప్పుడే ఎందుకు పేచీ వచ్చిందంటే, ఈ పదేళ్ళలో ఇంజన్లు మారిపోయాయి. గల్ఫ్‌లో పెద్ద బండి అంటే ఒకప్పుడు వి-8 ఇంజనే. 2021లో వచ్చిన టొయోటా ల్యాండ్ క్రూజర్ 300లో ఆ వి-8 లేదు. దాని స్థానంలో 3.5 లీటర్ల జంట టర్బో వి-6 వచ్చింది. 2024 సెప్టెంబరులో అబుదాబీలో ఆవిష్కరించిన కొత్త నిస్సాన్ పెట్రోల్ కూడా అదే దారి పట్టి, 5.6 లీటర్ల వి-8కి స్వస్తి చెప్పి, పై శ్రేణిలో 3.5 లీటర్ల జంట టర్బో పెట్టుకుంది. ఇక మనలాంటి ఉద్యోగస్తులు కొనే కార్లలో 1.5 లీటర్ల టర్బోలకు లెక్కే లేదు. యూరప్‌లో కిలోమీటరుకు 95 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ నిబంధన, ఇండియాలో 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6... కారణాలు ఎక్కడివైతేనేం, చిన్న ఇంజన్‌కి టర్బో తగిలించి పెద్ద ఇంజన్ పని చేయించడం ప్రపంచమంతటా మామూలైపోయింది. హైదరాబాదులో మీ బావమరిది కొన్న కొత్త కారులో కూడా బహుశా అదే ఉంటుంది.

దాంతో ప్రతి జనవరిలోనూ ఇక్కడి తెలుగువాళ్ళు నలుగురు కలిసినచోట ఈ మాట వినబడుతోంది: "పొద్దున పూట కారు లాగట్లేదండీ. మధ్యాహ్నానికి మళ్ళీ మామూలే." సనాయాలో గ్యారేజ్‌కి తీసుకెళితే చాలాచోట్ల వచ్చే మొదటి జవాబు, "టర్బో పోయింది, మార్చాలి" అని. టర్బో అంటే వేల దిర్హాముల మాట. మార్చిన వారం తర్వాత మళ్ళీ అదే నీరసం కనిపిస్తే ఆ డబ్బు ఎవరిని అడగాలి? డబ్బు సంగతి అలా ఉంచినా, దుబాయ్ రోడ్డు మీదికి ఎక్కేటప్పుడు, వెనక నుంచి నూట ఇరవై, నూట నలభై మీద కార్లు దూసుకొస్తుంటే, ఆక్సిలరేటర్ తొక్కినా బండి కదలకపోవడం ప్రాణాల మీదికి వచ్చే విషయం.

ముందు ఒక చిక్కు విప్పుకోవాలి. లెక్క ప్రకారం చలిలో టర్బో కారు ఇంకా హుషారుగా ఉండాలి. 45 డిగ్రీల గాలి కంటే 10 డిగ్రీల గాలి సుమారు పన్నెండు శాతం చిక్కన. చిక్కటి గాలిలో ఆక్సిజన్ ఎక్కువ, దానికి తగ్గట్టు పెట్రోలు ఎక్కువ, దానివల్ల శక్తి ఎక్కువ. ఇంటర్‌కూలర్ కూడా చలిలోనే బాగా పనిచేస్తుంది. కనుక చలిలో శక్తి తగ్గిందంటే, కారు తన స్వభావానికి విరుద్ధంగా నడుస్తోందన్నమాట. ఈ ఒక్క సంగతితోనే సగం ఆధారం దొరికినట్టే.

అయితే రెండు సందర్భాల్లో అసలు జబ్బే ఉండదు. చాలా టర్బో ఇంజన్లలో ఆయిలూ కూలెంటూ వేడెక్కేదాకా కంప్యూటరే శక్తిని కాస్త అదిమి పెడుతుంది. నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరిగే ఇరుసుకి చల్లటి ఆయిల్ మీద నమ్మకం లేక తీసుకునే జాగ్రత్త అది. ఐదారు నిమిషాల్లో వదిలేస్తే దాని జోలికి వెళ్ళకండి. రెండోది బూస్ట్ మీటరు చూసి బెంగపెట్టుకునేవాళ్ళ సంగతి. ఈ రోజుల్లో కంప్యూటరు ముందు ఎంత టార్క్ కావాలో నిర్ణయించుకుని, అందుకు సరిపడా బూస్ట్ మాత్రమే అడుగుతుంది. గాలి చిక్కగా ఉంటే తక్కువ బూస్ట్‌తోనే ఆ పని అయిపోతుంది. కాబట్టి జనవరిలో మీటరు జూలై కంటే తక్కువ చూపిస్తే అది లోపం కాదు, పొదుపు.

ఈ రెండూ తీసేశాక మిగిలేవే అసలు కేసులు. నా అభిప్రాయం ఏమిటంటే, అల్ ఐన్ లాంటి ఊళ్ళో చలికాలపు నీరసానికి చలి కారణం కావడం తక్కువ. దెబ్బ తగిలింది జూలైలో, అది బయటపడింది జనవరిలో.

బ్యాటరీ విషయంలో ఈ సంగతి మనందరికీ అనుభవమే. గల్ఫ్ ఎండకి రెండు మూడేళ్ళలో బ్యాటరీ లోపల్లోపలే చచ్చిపోతుంది. కానీ మొరాయించేది మొదటి చల్లటి ఉదయాన, స్టార్టర్‌కి ఎక్కువ కరెంటు కావలసినప్పుడు. పైగా స్టార్ట్ చేసేటప్పుడు వోల్టేజి బాగా పడిపోతే సంబంధం లేని సెన్సర్లన్నీ తప్పుడు కోడ్‌లు రాసిపెడతాయి. అవి చూసిన మెకానిక్ ఎటో వెళ్ళిపోతాడు. అందుకే ఏ పరీక్షైనా బ్యాటరీతో మొదలుపెట్టడం మంచిది.

థర్మోస్టాట్ కథ ఇంకా తమాషాగా ఉంటుంది. అది తెరుచుకుని బిగుసుకుపోతే ఇంజన్ ఎప్పటికీ సరైన వేడికి రాదు. వేసవిలో బయటే 45 డిగ్రీలుంటుంది కాబట్టి ఈ లోపం ఎవరికీ తెలియదు. ఇంజన్ ఎలాగోలా వేడెక్కుతుంది. జనవరిలో ఖాళీ రోడ్డు మీద అరగంట నడిపినా కూలెంట్ అరవై అరవై ఐదు దగ్గరే తచ్చాడుతూ ఉంటుంది. కంప్యూటరు దృష్టిలో ఇంజన్ ఇంకా నిద్రలేవలేదు. కాబట్టి పెట్రోలు ఎక్కువ పోస్తుంది, శక్తి అదిమిపెడుతుంది. వేడి దేశంలో థర్మోస్టాట్ ఎందుకని దాన్ని పీకి పారేసే మెకానిక్‌లు ఇక్కడా ఉన్నారు, మన విజయవాడలోనూ ఉన్నారు. సెకండ్‌హ్యాండ్ కారు కొన్నవాళ్ళు అసలు అది ఉందో లేదో చూసుకోవాలి. "ఎండలకు చిక్కటి ఆయిలే మంచిది" అని 20డబ్ల్యూ-50 పోయించే సలహా కూడా ఈ బాపతే. తయారీదారు 5డబ్ల్యూ-30 అని రాస్తే అదే పోయించండి. చిక్కటి ఆయిల్ చల్లటి ఉదయాన టర్బో బేరింగ్ దాకా చేరడానికి తీసుకునే సమయం తక్కువేమీ కాదు.

ఇక రబ్బరు గొట్టాలు. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి, అక్కడి నుంచి ఇంజన్‌కి గాలి మోసే గొట్టాలు, బూస్ట్‌ని అదుపు చేసే సన్నటి వాక్యూమ్ గొట్టాలు, వాటి ప్లాస్టిక్ జాయింట్లు... ఇవన్నీ వేసవంతా బానెట్ కింద ఉడికిపోతాయి. మెత్తగా ఉండాల్సిన రబ్బరు పెళుసెక్కుతుంది. వేడిగా ఉన్నంతసేపు కాస్త సాగి క్లాంపు కింద సర్దుకుంటుంది. చలిలో బిర్రబిగుసుకుని, ఉన్న చీలిక నోరు తెరుస్తుంది. మామూలు వేగంలో తెలియదు. గట్టిగా తొక్కి బూస్ట్ పెరిగితే గాలి అక్కడి నుంచి బుస్సుమని పోతుంది.

ఇక్కడ పనిచేసే ఒక మిత్రుడి కారుకి అచ్చంగా ఇదే జరిగింది. ఆయనది 1.4 లీటర్ల టర్బో, ఆరేళ్ళ బండి. ఉదయం ఆరున్నరకి బయలుదేరితే, మూడు వేల ఆర్‌పీఎం దాటగానే ఇంజన్ లైటు వెలిగి కారు బరువెక్కిపోయేది. పక్కకి ఆపి, తాళం తీసి మళ్ళీ వేస్తే బాగయ్యేది. మధ్యాహ్నం పూట ఎంత తొక్కినా ఏమీ లేదు. ఒక గ్యారేజ్‌లో టర్బో మార్చాలని చీటీ రాసిచ్చారు. రెండోచోట కోడ్ చెరిపేసి పంపారు. మూడోసారి లైటు వెలిగినప్పుడు ఎవర్నీ చెరపనివ్వకుండా లోపల ఏం రాసుందో చదివితే పి0299, అంటే అడిగినంత బూస్ట్ రాలేదని. దానితోపాటు కంప్యూటరు ఆ క్షణాన భద్రం చేసిన ఫ్రీజ్ ఫ్రేమ్‌లో గాలి 11 డిగ్రీలు, కూలెంట్ 84, ఆక్సిలరేటర్ దాదాపు పూర్తిగా తొక్కి ఉంది. కూలెంట్ 84 ఉందంటే థర్మోస్టాట్ నిర్దోషి. పొగ యంత్రం తెచ్చి గాలి దారిలోకి పొగ ఎక్కిస్తే, ఇంటర్‌కూలర్ కింద క్లాంపు అంచున సన్నటి దారంలా బయటికొచ్చింది. అదీ పొద్దున్నే, కారు చల్లగా ఉండగా చేయబట్టి కనబడింది. మధ్యాహ్నం చేసుంటే బహుశా ఏమీ కనబడేది కాదు. చివరికి ఒక గొట్టం, ఒక క్లాంపు. టర్బో ఈనాటికీ పాతదే.

దీనికి సరిగ్గా ఉల్టా కేసు ఒకటుంది. టర్బో వేగాన్ని అదుపు చేసే వేస్ట్‌గేట్ కడ్డీ బిగుసుకుపోయినా, దాన్ని నడిపే సోలినాయిడ్ బద్ధకించినా, వేసవిలో పలచటి గాలితో ఎలాగో నెట్టుకొస్తుంది. చిక్కటి గాలి దొరకగానే బూస్ట్ హద్దు దాటుతుంది. కంప్యూటరు భయపడి పి0234 రాసి శక్తి కోసేస్తుంది. డీజిల్ బండ్లలో మసిపట్టి బిగుసుకున్న టర్బో రెక్కలది కూడా ఇదే వ్యవహారం. నడిపేవాడికి రెండూ ఒకలాగే తెలుస్తాయి: కారు లాగదు. ఒకటి గాలి చాలక, ఇంకోటి గాలి ఎక్కువై! అందుకే లక్షణం చెప్పి మందు అడగడం ఇక్కడ కుదరదు, అంకెలు చూడాల్సిందే.

స్పార్క్ ప్లగ్‌లది కూడా ఈ కుటుంబమే. సిలిండర్‌లో గాలి ఎంత చిక్కబడితే నిప్పురవ్వ దూకడానికి అంత ఎక్కువ వోల్టేజి కావాలి. అరిగి సందు పెరిగిన ప్లగ్, ఎండకి బీటలిచ్చిన కాయిల్ జూలైలో గట్టెక్కి జనవరిలో చేతులెత్తేస్తాయి. ఇందులో కారు నీరసపడటమే కాక కుదుపుతుంది, ఇంజన్ లైటు మిణుకుమిణుకుమంటుంది. అలా మిణుకుమంటే వేగం తగ్గించి ఆపెయ్యడమే మేలు. మండని పెట్రోలు వెళ్ళి కాటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చేస్తుంది, దాని ధర టర్బోకి ఏమాత్రం తీసిపోదు.

అమెరికా, కెనడాల్లో ఉన్న పాఠకులు ఇదంతా చదివి "మా దగ్గర అసలు చలే కారణం కదా" అనవచ్చు. నిజమే. అక్కడ క్రాంక్‌కేస్ ఆవిరిలోని తేమ గొట్టాల్లో గడ్డకడుతుంది, ఇంటర్‌కూలర్‌లో నీరు చేరుతుంది. ఫోర్డ్ ఎఫ్-150 ట్రక్కుల్లో 3.5 లీటర్ల ఎకోబూస్ట్ ఇంజన్ వచ్చిన కొత్తలో, 2011, 2012 మోడళ్ళ యజమానులు చాలామంది ఇదే మొరపెట్టుకున్నారు. తేమగా ఉన్న వాతావరణంలో చాలాసేపు నిలకడగా నడిపి, ఒక్కసారి గట్టిగా తొక్కితే ఇంటర్‌కూలర్‌లో చేరిన నీరు ఇంజన్‌లోకి పీల్చుకుపోయి మిస్‌ఫైర్ అయ్యేది, శక్తి పోయేది. కంపెనీ డీలర్లకు ప్రత్యేక సూచనలు పంపింది, 2013లో వ్యవహారం కోర్టుకీ ఎక్కింది. అల్ ఐన్, అబుదాబీ మధ్య శీతాకాలపు పొగమంచు ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళు ఈ అవకాశాన్ని కూడా పూర్తిగా కొట్టిపారెయ్యకూడదు.

హోండా 1.5 లీటర్ల టర్బో సంగతి ఇంకా పెద్దది. ఉత్తర చైనా చలిలో చిన్న చిన్న దూరాలు తిరిగే కార్లలో, మండని పెట్రోలు పిస్టన్ పక్కల నుంచి జారి ఆయిల్‌లో కలిసింది. ఇంజన్ బాగా వేడెక్కితే ఆ పెట్రోలు ఆవిరైపోవాలి, కానీ అంత వేడెక్కడానికి వ్యవధే లేదు. 2018 మొదట్లో కంపెనీ అక్కడ సుమారు మూడున్నర లక్షల సీఆర్-వి, సివిక్ కార్లకు రీకాల్ ప్రకటించింది. ఆ పరిష్కారానికి ప్రభుత్వ సంస్థ ఒప్పుకోకపోవడంతో కొత్త సీఆర్-వి అమ్మకాలు కొంతకాలం ఆపాల్సి వచ్చింది. అల్ ఐన్‌లో ఈ జబ్బు రావడం కష్టం, థర్మోస్టాట్ పీకించుకుంటే తప్ప! ఆయిల్ కడ్డీ తీసి చూసినప్పుడు మట్టం పెరిగి, పెట్రోలు వాసన వస్తుంటే మాత్రం అనుమానించాల్సిందే.

సరే, మరి ఎలా కనుక్కోవాలి? మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకు ఒక అలవాటుంది. ప్రోగ్రామ్ పడిపోతే ముందు లాగ్ చదువుతాం, లాగ్ చెరిపేసి మళ్ళీ నడిపి చూడం. కారు విషయంలో అదే మనుషులు "ముందు ఆ లైటు ఆర్పించెయ్యండి" అంటారు. కోడ్ చెరిపితే ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది. ఉన్న ఒక్క సాక్షినీ మనమే పంపించేసినట్టు. కాబట్టి లైటు వెలిగిన రోజే చవకరకం ఓబీడీ పరికరం ఒకటి తగిలించి, ఫోన్‌లో ఆ పేజీని ఫోటో తీసుకోండి. తర్వాత గ్యారేజ్ వాళ్ళు ఏం చేసినా మీ దగ్గర ఆధారం ఉంటుంది.

చలికాలం ఇంకో ఉపకారం చేస్తుంది. రాత్రంతా ఆగి ఉన్న కారులో, ఇంజన్ వెయ్యకుండా తాళం మాత్రం తిప్పితే, కూలెంట్ ఉష్ణోగ్రత, లోపలికి వచ్చే గాలి ఉష్ణోగ్రత, బయటి ఉష్ణోగ్రత మూడూ దాదాపు ఒకటే ఉండాలి. ఒకటి మాత్రం పదిహేను డిగ్రీలు తేడా చూపిస్తే ఆ సెన్సర్ అబద్ధం చెబుతోంది. అదే సమయంలో మానిఫోల్డ్ పీడనం ఎంత చూపిస్తోందో చూడండి. ఇంజన్ ఆగి ఉంది కాబట్టి అది బయటి వాతావరణ పీడనమే కావాలి. అల్ ఐన్ సముద్రమట్టానికి సుమారు మూడువందల మీటర్ల ఎత్తున ఉంది గనక 98 కిలోపాస్కల్ దరిదాపుల్లో ఉండాలి. 90 చూపిస్తే సెన్సర్‌ని అనుమానించాలి. రూపాయి ఖర్చు లేని పరీక్ష ఇది, రెండు నిమిషాల పని.

ఆ తర్వాత నడుపుతూ చూడాల్సింది అడిగిన బూస్ట్ ఎంత, వచ్చిన బూస్ట్ ఎంత అన్నది. రెండు గీతలూ కలిసి పైకి వెళుతుంటే టర్బో జోలికి పోకండి, జబ్బు ఇంకెక్కడో ఉంది. వచ్చింది కిందే ఉండిపోతే కారుతోంది, పైకి దూకితే వేస్ట్‌గేట్. రెండూ తక్కువగానే ఉంటే కంప్యూటరే వద్దంటోంది. ఎందుకు వద్దంటోందో కూలెంట్ ఉష్ణోగ్రత చెబుతుంది. చవక పరికరాలన్నీ అడిగిన బూస్ట్‌ని చూపించవు, కారు కంపెనీకి తగిన ఆప్ వెతుక్కోవాలి. ఈ పరీక్షకి మన జబల్ హఫీత్ కంటే మంచి చోటు ఇంకోటి లేదు. పన్నెండు కిలోమీటర్లకు కాస్త తక్కువ ఎక్కుడు, పైకి వెళ్ళేసరికి సముద్రమట్టం నుంచి వెయ్యి మీటర్ల ఎత్తు. గాలి పలచబడేకొద్దీ టర్బో ఎక్కువ శ్రమపడాలి, కాబట్టి చిన్న చీలిక కూడా దాగదు. ఫోన్ పట్టుకోవడానికి పక్కన ఒకరిని కూర్చోబెట్టుకోండి. ఉదయం పూట సైకిళ్ళవాళ్ళు చాలామంది ఉంటారు, వేగం వాళ్ళను చూసి పెట్టుకోండి. శక్తి మొత్తం కోసేస్తున్న కారుతో మాత్రం కొండ ఎక్కే ప్రయోగం వద్దు.

ఇంకో మాట, సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్ళకు. 2024 ఏప్రిల్ 16న అల్ ఐన్ ప్రాంతంలోని ఖత్మ్ అల్ షక్లాలో ఇరవై నాలుగు గంటల్లోపే 254.8 మిల్లీమీటర్ల వాన పడింది. డెబ్బై ఐదేళ్ళ రికార్డుల్లో ఈ దేశంలో అంతటి వాన లేదు. ఆ ఫిబ్రవరిలోనే ఇదే ఊళ్ళో వడగళ్ళు పడి కార్ల అద్దాలు పగిలాయి. నీళ్ళలో మునిగిన కారు ఎండితే చూడటానికి బాగానే ఉంటుంది. కనెక్టర్లలో పచ్చగా చిలుము పట్టి, మంచు కురిసిన ఉదయాన సెన్సర్ల చేత తప్పుడు లెక్కలు చెప్పిస్తుంది. అమెరికా వేలంలో కొని ఇక్కడ బాగుచేసి అమ్మే కార్లలో, ముందు దెబ్బ తగిలినవాటికి ఇంటర్‌కూలర్ గొట్టాలు ఏ రకానివి వేశారో కూడా చూడాలి. వార్షిక పాసింగ్ అయ్యి, ముల్కియా చేతికొచ్చిందంటే బూస్ట్ బాగున్నట్టు కాదు.

వారంటీలో ఉన్న కారైతే ఏజెన్సీకి మధ్యాహ్నం కాకుండా ముందురోజు సాయంత్రమే అప్పగించి, పొద్దున చల్లగా ఉండగానే పరీక్షించమని జాబ్ కార్డు మీద రాయించండి. "పరీక్షించాము, లోపం కనబడలేదు" అన్న వాక్యం పక్కన పరీక్షించిన టైమూ, అప్పటి ఉష్ణోగ్రతా కూడా రాయమనండి. హోండా 2018 చివర్లో అమెరికాలో ఆ 1.5 లీటర్ల ఇంజన్‌కి వారంటీ పొడిగించినప్పుడు మొదట ఎంచుకున్నది చలి ఎక్కువగా ఉండే ఇరవై ఒక్క రాష్ట్రాలనే. టెక్సస్‌లో మధ్యాహ్నం పరీక్షించిన కారులో ఆ లోపం ఎవరికీ కనబడి ఉండేది కాదు.